పాత పెట్టె

మా నాన్నగారి హార్మనీ పెట్టెను అమ్మేద్దామని మా ఆవిడ పట్టుబట్టింది. "తిత్తులు చిరిగాయి. సగం మెట్లు పలకవు. ఎవరు వాయిస్తారండీ?" అంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు దొరక్క, గ్రీకు సంగీతకర్త వాంజెలిస్ కథ ఎత్తుకున్నాను.

యమహావారి సి.ఎస్. 80 అనే సింథసైజరంటే ఆయనకు ప్రాణం. 1977లో వచ్చిన ఆ జపాను వాద్యం 80 కిలోల పైచిలుకు బరువు. చలికీ, వేడికీ శ్రుతి తప్పుతుంది. ఒకేసారి ఎనిమిది స్వరాలకు మించి పలకదు. కాని దానికొక గొప్ప గుణముంది. మెట్టు నొక్కాక వేలు మరికాస్త అదిమితే, ఆ ఒక్క స్వరమే రంగు మారుతుంది. పైనున్న పట్టీమీద వేలు జారిస్తే స్వరమూ జారుతుంది. వీణమీద తీగ లాగినట్టే ననుకోండి! హార్మనీకి చేతకానిది సరిగ్గా అదే. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' చిత్రంలో గుండె పట్టేసే ఆ నాదం ఈ పెట్టెదే. తరువాత ఎన్ని కొత్త యంత్రాలు వచ్చినా, తన వృత్తిలో అన్నిటికన్న ముఖ్యమైన సింథసైజరు ఇదేనని చెప్పుకున్నారాయన. 2022లో కన్నుమూశారు.

అంతా విని మా ఆవిడ, "ఆయన వాయించారు కనుక ప్రేమించారు. మరి మీరో?" అంది.

నాకు నోట మాట రాలేదు. నాన్నగారు నేర్పుతానన్న రోజుల్లో, పరీక్షలని చెప్పి తప్పించుకున్నవాణ్ణి నేనే.

మర్నాడు తిత్తులు బాగుచేసేవాణ్ణి వెదుక్కుంటూ బయలుదేరాను. నలభై దాటాక సరళీస్వరాలా అంటారా? నవ్వితే నవ్వండి. పెట్టె మాత్రం అమ్మటం లేదు.