సెమినారు అనే నారుమడి

లాటిన్ భాషలో 'సెమినారియం' అంటే విత్తనాలు చల్లి మొలకలు పెంచే చోటు. మన గోదావరి సీమలో దానినే నారుమడి అంటాం. 'సెమినార్' అన్న మాటకు మూలం అదే. మనవారు దానిని సదస్సు అన్నారు, గోష్ఠి అన్నారు. గోష్ఠి కూడా ఆవులు చేరే చోటైన 'గోష్ఠం' నుండి వచ్చినదే. రెండూ పల్లెటూరి మాటలే కావడం ముచ్చటైన విషయం. అయితే నారుమడికి ఒక ధర్మం ఉంది. అక్కడ పెరిగిన నారు అక్కడే ఉండిపోకూడదు. అదను దాటకముందే పెరికి, కట్టలు కట్టి, చేలలో ఊడ్చాలి. లేకుంటే ముదిరిపోతుంది.

మన విశ్వవిద్యాలయాల మెకానికల్ ఇంజనీరింగు శాఖలలో జరిగే సదస్సులను ఈ దృష్టితో పరిశీలించాలని నా మనవి.

వాటి తీరు విజ్ఞులెరిగినదే. జ్యోతి ప్రజ్వలనం, పుష్పగుచ్ఛాలు, కీలకోపన్యాసం, పత్రసమర్పణలు, చివర శాలువాలు, ప్రశంసాపత్రాలు. నేను దీనిని వెక్కిరించడం లేదు. పండితులు తమ పరిశోధనను తోటివారి పరీక్షకు పెట్టడం శాస్త్రానికి ప్రాణం. అది ఆంగ్లంలో జరగడమూ తప్పు కాదు. పరిశోధన ప్రపంచానికంతటికీ చెందినది. నా ప్రశ్న ఒక్కటే. సభ ముగిశాక అందులోని సారం గోడ దాటి ఎంత దూరం వెళుతున్నది?

1946లో విశాఖపట్నంలో మొదలై తరువాత కాకినాడకు తరలిన ఇంజనీరింగు కళాశాల 2008లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంగా రూపొందింది. తాడేపల్లిగూడేనికి 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వచ్చింది. వీరభద్రస్వామి క్షేత్రంగా ప్రసిద్ధమైన మా పట్టిసీమలో ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగిందీ ఆ ఏడాదే. ఇక్కడి 24 పంపులూ తిరిగితే సెకనుకు సుమారు 8,500 ఘనపుటడుగుల నీరు పోలవరం కుడికాలువలో పడి కృష్ణ వైపు సాగుతుంది. అంటే ఒక్కొక్క పంపు సెకనుకు దాదాపు పదివేల లీటర్లు ఎత్తుతుంది. ఏతాలూ గూడలూ ఎరిగిన తరం వారికి ఇది ఇంద్రజాలమే. కాని ఇంద్రజాలంగా మిగిలిపోవడమే నా విచారం. ఆ యంత్రం ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పాడవుతుందో ఊరివారికి చెప్పేవారు లేకపోతే, అది దేవరహస్యంతో సమానం.

చెప్పడానికి తెలుగు చాలదంటారా? 'కావిటేషన్' అన్నదానినే తీసుకోండి. పీడనం బాగా తగ్గినచోట నీరు వేడెక్కకుండానే ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు పీడనం హెచ్చిన చోటికి చేరి పగిలినప్పుడు తగిలే దెబ్బకు లోహం సైతం గుంటలు పడుతుంది. పంపులో గులకరాళ్లు దొర్లినట్లు చప్పుడు వస్తుంది. చేలో మోటారు పెట్టుకున్న రైతుకు ఈ నాలుగు మాటలు తెలిస్తే, ఆ చప్పుడు వినగానే ఫుట్‌వాల్వు పూడిందేమో, పీల్చే గొట్టం మరీ పొడవైందేమో చూసుకుంటాడు. పంపు దక్కుతుంది.

మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేసి ఎన్నో శతాబ్దాలు గడిచాయి. లెక్కలకు చాలిన భాష యంత్రాలకు చాలకపోదు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతించింది కూడా. పట్టా చదువంతా తెలుగులోనే సాగాలని నా వాదం కాదు. సదస్సులో ఒక్క పూట తెలుగుకు ఇవ్వమని మాత్రమే అడుగుతున్నాను.

ఆ పూట రాకపోకలు రెండు వైపులా ఉండాలి. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగింది. ఎన్నో కుటుంబాలు చీకటి పాలయ్యాయి. నది అడుగున చిక్కిన ఆ బోటును అక్టోబరులో పైకి తెచ్చినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. తాడు, లంగరు, ప్రవాహం, బరువు వీటి పొందిక ఎరిగిన అనుభవం అది. అటువంటివారు వేదికపై కూర్చుని మాట్లాడవలసినవారు, ఆచార్యులు వినవలసినవారు. అలాగే, బోటు పై అంతస్తులో జనం పెరిగితే గరిమనాభి పైకి జరిగి, ఒరిగిన బోటు తిరిగి నిలదొక్కుకునే శక్తి తగ్గుతుందన్న సంగతిని ఆచార్యులు సరంగులకు బొమ్మ గీసి చూపాలి. ప్రమాద కారణాల విచారణ వేరు. ఈ ఎరుక మాత్రం రేవులో ప్రతివారికీ కావలసినదే. ఇక్కడ తెలియకపోవడానికి మూల్యం మార్కులు కాదు, ప్రాణాలు.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. శాలువాల ఖర్చుతో ఒక షామియానా వేయవచ్చు. పత్రం సమర్పించిన ప్రతి విద్యార్థీ దాని సారాన్ని తెలుగులో ఒక పుటకు కుదించాలి. మోటార్లు చుట్టేవారిని, పంపులు నడిపేవారిని, సరంగులను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. సదస్సుల సంఖ్య చూసి కళాశాలలకు శ్రేణులిచ్చే మదింపు సంఘాలు ఈ పూటను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అటువంటి సభలో ఒక సరంగు లేచి ఏదో అడిగితే, ఆచార్యులవారు కాగితం తీసి, "ఇది పరీక్షించి చెప్పవలసిన విషయం" అని రాసుకున్నారనుకోండి. ఆ సదస్సు ఫలించినట్లే.