స్విచ్ ఆపారు సరే, చార్జ్ దించారా?

ఇంజనీరింగ్ కాలేజీల్లో, పీజీ ప్రయోగశాలల్లో కరెంటు పల్స్ జనరేటర్‌తో పనిచేసే ప్రతి విద్యార్థీ, ప్రతి ల్యాబ్ అసిస్టెంటూ, ప్రతి గైడూ ఈ మాట ముందుగా వినాలి. స్విచ్ ఆపినంత మాత్రాన ఆ యంత్రం చల్లబడదు. ప్యానెల్ మీద లైటు ఆరిపోయాక, ప్లగ్గు పీకేశాక, ఆఖరికి ఊళ్లో కరెంటే పోయాక కూడా దాని లోపల మనిషిని చంపగల శక్తి నిల్వ ఉండవచ్చు. మూత తీసి చెయ్యి పెట్టేది సరిగ్గా అప్పుడే. ప్రాణం మీదికి వచ్చేదీ అప్పుడే.

గోడ సాకెట్ నుంచి వందల ఆంపియర్లు ఒక్కసారిగా లాగడం కుదరదు. అందుకే పల్స్ జనరేటర్ కెపాసిటర్లను కొన్ని సెకన్ల పాటు చార్జ్ చేసి, ఆ శక్తినంతా మిల్లీసెకన్లలోనో మైక్రోసెకన్లలోనో లోడ్‌లోకి వదులుతుంది. ఫైనలియర్ కాయిల్ గన్ ప్రాజెక్టులో, లోహపు ముక్కలను అయస్కాంతాలుగా మార్చే ప్రయోగంలో, ఫ్లాష్ ల్యాంపు సర్క్యూట్‌లో, కెపాసిటర్ స్పాట్ వెల్డర్‌లో జరిగేది ఇదే. మోటారు ఆపితే ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు మాయమవుతాయా? కెపాసిటర్‌లో చార్జ్ కూడా అంతే. దించితేనే దిగుతుంది.

ఎంత శక్తి ఉంటుందో లెక్క వేయడం కష్టం కాదు. కెపాసిటర్ విలువను వోల్టేజి వర్గంతో గుణించి సగం చేయాలి. 400 వోల్టులకు చార్జ్ చేసిన 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో 80 జూళ్లు ఉంటాయి. పాత ఇన్వర్టర్ డ్రైవ్‌లో నుంచి ఊడదీసి తెచ్చే 2,200 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 450 వోల్టుల దాకా నింపితే దాదాపు 223 జూళ్లు. రోగి గుండె లయ తప్పినప్పుడు డాక్టర్లు డీఫిబ్రిలేటర్‌తో ఛాతీ మీద ఇచ్చే షాక్ సాధారణంగా 120 నుంచి 360 జూళ్ల మధ్య ఉంటుంది. అంటే ఆస్పత్రిలో అందరినీ దూరం జరగమని హెచ్చరించి ఇచ్చేంతటి దెబ్బ, మన ల్యాబ్ బల్ల మీద ఏ హెచ్చరికా లేకుండా పడి ఉంటోంది. లయ తప్పిన గుండెను దారిలో పెట్టే ఆ షాక్, సరిగా కొట్టుకుంటున్న గుండెకు సరైన వేళ కాని వేళ తగిలితే దాని లయను చెడగొడుతుంది. గుండె కండరం ప్రతి స్పందన తర్వాత తిరిగి సిద్ధమయ్యే ఆ కొద్ది క్షణంలో ఒకే ఒక్క పల్స్ చాలు. షాక్ కొట్టింది కానీ ఏమీ కాలేదు అని చెప్పుకునేవాళ్లను కాపాడింది తెలివి కాదు, ఆ క్షణం తప్పిపోవడం మాత్రమే.

ఈ ప్రమాదం కొత్తదేమీ కాదు. 1750 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆనాటి కెపాసిటర్లయిన లేడెన్ జాడీలు రెండు పెద్దవి తీసుకుని వాటిలో చార్జ్ నింపి, ఆ దెబ్బతో టర్కీ కోడిని చంపి చూపబోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే ధ్యాస మళ్లి, ఒక చెయ్యి ఒకవైపు, మరో చెయ్యి ఇంకోవైపు తగిలించాడు. ఆ దెబ్బ మొత్తం ఆయన ఒంట్లో నుంచే పోయింది. కాసేపు స్పృహ తప్పింది, తర్వాత కొన్నాళ్లు ఛాతీ ఎముక నొప్పి పెట్టింది. విద్యుత్తు గురించి ఆ రోజుల్లో ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఎందరో లేరు. తెలివి ఆయనను కాపాడలేదు. ఒక పద్ధతి ఉండి ఉంటే కాపాడేది.

ఇప్పుడు మన ల్యాబుల్లో జరుగుతున్న పొరపాట్ల సంగతి.

బోర్డులో ఎంసీబీ ఉంది, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది, ఇక భయమేమిటన్న ధీమా మొదటిది. ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అన్నదే. కెపాసిటర్ ఒక కొస నుంచి మీ చేతుల మీదుగా రెండో కొసకు పోయే కరెంటు దాని కంటికే పడదు. అది ట్రిప్ అవదు.

రెండోది, కరెంటు పోయినప్పుడు చేసే పని. ప్రయోగం మధ్యలో కరెంటు పోతే, ఎలాగూ సప్లయి లేదు కదా అని పెట్టె తెరిచి వైర్లు సర్దుతారు. అప్పుడు కెపాసిటర్ నిండుగా ఉంటుంది. పైగా జనరేటర్ సెట్టు ఏ క్షణంలోనైనా అందుకుంటుంది. మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, చార్జ్ దించేదాకా కరెంటు లేకపోవడం భద్రత అనిపించుకోదు.

మూడోది స్థిర కరెంటు ఇచ్చే జనరేటర్ల దగ్గర జరుగుతుంది. అడిగిన కరెంటును పంపడానికి ఎంత వోల్టేజి కావాలో అంతా అది పెంచుకుంటుంది. లోడ్ వైరు ఊడిపోతే, తన శక్తి ఉన్నంత గరిష్ఠ వోల్టేజిని తెచ్చి టెర్మినళ్ల మీద పెడుతుంది. ఊడిన వైరును దూర్చబోయే వేళ్లే అప్పుడు దానికి లోడ్ అవుతాయి. అవుట్‌పుట్ ఆన్‌లో ఉండగా లోడ్ కలపడం, తీయడం రెండూ నిషేధం కావాలి.

నాలుగోది సీఆర్‌ఓ. ప్రోబుకున్న నల్ల క్లిప్పు ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఎర్త్‌తో సంబంధం లేని పాయింటుకు దాన్ని తగిలిస్తే షార్ట్ అవుతుంది. ఆ బాధ తప్పించుకోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేస్తే, లేదా రెండు పిన్నుల ఎడాప్టర్ పెడితే, సీఆర్‌ఓ లోహపు భాగాలన్నీ ఆ పాయింటు వోల్టేజికి ఎక్కి కూర్చుంటాయి. నాబ్ తిప్పబోయిన చేతికి అదే తగులుతుంది. ఎర్త్ పిన్ను జోలికి ఎవ్వరూ వెళ్లకూడదు. వోల్టేజికి డిఫరెన్షియల్ ప్రోబు, పల్స్ కరెంటుకు సర్క్యూట్‌ను తాకకుండానే కొలిచే రొగోవ్‌స్కీ కాయిల్ వాడాలి.

ఎర్త్ వైరు ఉంది కదా అని దాన్నీ గుడ్డిగా నమ్మవద్దు. ఒక మీటరు మామూలు వైరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. దానిలో కరెంటు ఒక్క మైక్రోసెకనులో 1,000 ఆంపియర్లు పెరిగితే, ఆ వైరు రెండు కొసల మధ్యే 1,000 వోల్టులు పుడతాయి. పల్స్ నడుస్తున్నంత సేపూ ఎర్త్ అనుకున్న చోటు కూడా సున్నా దగ్గర ఉండదు. అందుకే పల్స్ దారి పొట్టిగా, వెడల్పాటి రాగి పట్టీతో ఉండాలి. పల్స్ వదిలేటప్పుడు పెట్టె మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు, చార్జ్ దించడానికి కెపాసిటర్ టెర్మినళ్లను స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం. ఠప్పుమని మెరిసే ఆ నిప్పులో కరిగిన లోహం కళ్లలోకి ఎగురుతుంది, కెపాసిటర్ లోపలి కనెక్షన్లు దెబ్బతింటాయి. చేయాల్సిన తీరు ఇది. మెయిన్స్ తీశాక, పొడవాటి ఇన్సులేటెడ్ పిడి ఉన్న డిశ్చార్జ్ రాడ్‌ను వైర్‌వౌండ్ రెసిస్టర్ మీదుగా తాకించాలి. 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్‌కు 1 కిలోఓమ్ రెసిస్టర్ అయితే 5 సెకన్లలో 400 వోల్టులు 3 వోల్టుల కిందికి దిగుతాయి. తర్వాత అదే వోల్టేజికి తగిన మల్టీమీటర్‌తో కొలవాలి. మీటరు పనిచేస్తోందో లేదో ముందొకసారి, తర్వాతొకసారి తెలిసిన సోర్సు మీద చూసుకోవాలి. సున్నా అని తేలాక టెర్మినళ్ల మధ్య షార్టింగ్ వైరు కట్టి, పని పూర్తయ్యేదాకా అలాగే ఉంచాలి. ఈ చివరి మెట్టు చాలామంది వదిలేస్తారు. డిశ్చార్జ్ చేసి వదిలేసిన కెపాసిటర్‌లో డైఎలక్ట్రిక్ లోపల చిక్కుకున్న చార్జ్ మెల్లగా బయటికొచ్చి, కాసేపటికి వోల్టేజి మళ్లీ లేస్తుంది.

బ్లీడర్ రెసిస్టర్ ఉందని ఊరుకోవద్దు. 1,000 మైక్రోఫారడ్లకు 100 కిలోఓమ్‌ల బ్లీడర్ పెడితే పూర్తిగా దిగడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. రెసిస్టర్ కాలిపోయి ఉంటే ఎప్పటికీ దిగదు. సప్లయి పోగానే దానంతటదే మూసుకుని చార్జ్ దించే డంప్ రిలే, మూత తెరవగానే సర్క్యూట్ తెగే ఇంటర్‌లాక్, చేతికి అందే ఎత్తులో ఎమర్జెన్సీ స్విచ్ తప్పనిసరిగా ఉండాలి. ఇవన్నీ ఉన్నా రాడ్, మీటరు, షార్టింగ్ వైరు మానకూడదు. కెపాసిటర్ బ్యాంకు చుట్టూ పాలీకార్బనేట్ కవచం కావాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ను ప్లస్సు, మైనస్సు తారుమారు చేసి కలిపితే పేలుతుంది.

తక్కువ వోల్టేజి పల్సరే కదా అని ఉంగరం, గొలుసు, లోహపు గడియారంతో వంగకండి. 20 వోల్టులే అయినా వందల ఆంపియర్లు దాటితే ఉంగరం ఎర్రగా కాలి వేలిని పట్టేస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ గదిలోకి రానివ్వకండి. ఒంటరిగా, రాత్రి పొద్దుపోయాక, నిద్ర మొహంతో ఈ పని చేయకండి. పక్కన రెండో మనిషి ఉండాలి, అతనికి మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలిసుండాలి.

ఎవరికైనా షాక్ కొడితే ముందు సప్లయి ఆపండి, మనిషి ఇంకా సర్క్యూట్‌కు తగిలి ఉంటే రాడ్‌తో చార్జ్ కూడా దించండి, ఆ తర్వాతే మనిషిని తాకండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే, పిలిచినా పలకకపోతే ఆలస్యం చేయకుండా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండండి. లేచి కూర్చుని బాగానే ఉన్నాను అన్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. లోపలి గాయం పైకి కనిపించదు.

ఇది విద్యార్థుల మీద మాత్రమే నెట్టేసే బాధ్యత కాదు. రెండో చేతి కెపాసిటర్లు కొనడానికి ప్రాజెక్టు ఫండు ఇచ్చి, డిశ్చార్జ్ రాడ్‌కు ఇవ్వని యాజమాన్యం ఆ పిల్లలకు సమాధానం చెప్పాలి. సర్క్యూట్ డయాగ్రమ్ చూసి సంతకం పెట్టే గైడు, అందులో చార్జ్ దించే దారి గీసి ఉందో లేదో కూడా చూడాలి. ఎన్ని జూళ్లు నిల్వ ఉంటాయో పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. రికార్డు పుస్తకంలో ప్రయోగం విధానం తర్వాత డిశ్చార్జ్ విధానం కూడా ఉండాలి, వైవాలో మొదటి ప్రశ్న అదే కావాలి.

ప్రిన్సిపాళ్లకూ, విభాగాధిపతులకూ మా విజ్ఞప్తి ఒక్కటే. ఈ వారంలోనే మీ ల్యాబ్‌లోకి వెళ్లి డిశ్చార్జ్ రాడ్ చూపించమని అడగండి. చూపించలేకపోతే పల్స్ జనరేటర్ ఉన్న గదికి తాళం వేయండి. రాడ్ వచ్చి, దాన్ని వాడడం ప్రతి ఒక్కరికీ నేర్పాకే ఆ తాళం తీయండి.