చేసినమని గుర్తు పెడితే చాలదు

నా ఫోను ఊకె "అప్‌డేట్ చేయండి" అని అడుగుతుంటది. నేను "తర్వాత" అన్న దాని మీద వేలు పెట్టి వదిలేసేవాణ్ని. మన గల్లీలో చాలామందిది ఇదే కథ. దీపావళికి పుణె నుంచి వచ్చిన మా చిన్న కొడుకు అది చూసి, "ఎన్ని నెలలైంది బాపూ?" అని కోపం చేసిండు. "మంచిగనే నడుస్తుంది కదరా, నడిచే సాంచాను ఎవడన్న విప్పుతడా?" అన్న. అప్పుడు వాడు ఒక మరమ్మతు కథ చెప్పిండు. ఈ నెల అదే రాస్తున్న.

కంప్యూటరుకైనా ఫోనుకైనా లోపల ఒక పెద్ద మేస్త్రీ ఉంటడు. కెర్నల్ అంటరు. ఏ పనికి ఎంత జాగా ఇవ్వాలె, ఎవరు ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు, అంతా ఆయన చేతిలోనే. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లినక్స్ కెర్నల్. ఆ మేస్త్రీ జాగాను పేజీలు పేజీలుగా పంచుతడు.

చద్దర్ నక్షా సంగతి మీకు తెలిసిందే. అసలు నక్షాను అందరూ చూడొచ్చు, దాని మీద ఎవరూ గీత గీయకూడదు. మార్పు కావాలంటే నకలు తీసుకుని దాని మీద గీసుకోవాలె. కెర్నల్ పద్ధతి కూడా అదే. చదువుకునేవాళ్లందరికీ ఒకే పేజీ చూపిస్తది. రాస్తనన్నవాడికి మాత్రం అప్పుడు నకలు తీసి ఇస్తది. దీని పేరు కాపీ ఆన్ రైట్.

తప్పు ఎక్కడుందంటే, నకలు తీయడం ఒక అడుగు, దాని మీద రాయడం ఇంకో అడుగు. నకలు తీయంగనే మేస్త్రీ "ఇక భయం లేదు" అనుకుని, తన చీటీ మీద ఉన్న "రాయడానికి" అన్న మాట కొట్టేసి, పేజీ తెచ్చుకోను మళ్లీ బల్ల దగ్గరికి పోయేది. ఈలోపల అదే దొంగ రెండో చెయ్యి "ఆ నకలు నాకు వద్దు" అని దాన్ని బుట్టలో పడేయించేది. మేస్త్రీ వచ్చి చూస్తే బల్ల మీద ఉన్నది అసలు నక్షా. చీటీలో "రాయడానికి" అన్న మాట లేదు గనక ఎవరూ అడ్డం చెప్పలేదు. ఆయన దాన్నే నకలనుకుని తీసుకపోయి దాని మీదనే రాసేసేది.

ఇదంతా రెప్పపాటులో వెయ్యో వంతు కూడా కాదు. కాని దొంగకు ఓపిక ఎక్కువ, లక్షసార్లు చేస్తే ఒకసారన్న కుదురుతది. ముట్టుకోకూడని ఫైలు మీద రాయగలిగినోడు ఆ కంప్యూటరుకే యజమాని అయితడు. ఏ చెయ్యి ముందు పడితే దాన్ని బట్టి ఫలితం మారిపోయే ఇట్లాంటి తప్పును రేస్ కండిషన్ అంటరు. కాపీ ఆన్ రైట్ ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే "కౌ", అంటే ఆవు. అందుకే ఈ తప్పుకు "డర్టీ కౌ" అని పేరు పెట్టిన్రు.

2016 అక్టోబర్‌లో ఇది బయటపడ్డది. ఫిల్ ఓస్టర్ అనే ఆయన తన సర్వర్ మీద జరిగిన దాడిని వెతికి పట్టుకున్నడు. లినక్స్ మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా మరమ్మతు చేసిండు. చేస్తూ దాచకుండ ఒక మాట రాసిండు: ఇది పాత తప్పు, 11 ఏళ్ల కింద నేనే బాగుచేయబోయిన, సరిగ్గ చేయలేదు అని. ఆ పాత మరమ్మతు ఐబీఎం వాళ్ల ఎస్390 అనే ఒక రకం పెద్ద యంత్రం మీద ఇబ్బంది పెట్టిందని దాన్ని తీసేసిన్రు. అప్పట్ల ఈ ప్రమాదం కాగితం మీద లెక్కే, నిజంగా జరిగేది కాదు అనిపించేది. తర్వాత కెర్నల్ ఒకేసారి ఎన్నో చేతులతో పని చేసుడు నేర్చింది. జరగదనుకున్నది సులువుగ జరిగే రోజు వచ్చింది.

ఇది వింటే నాకు మా కార్ఖానా యాదికొచ్చింది. తెగిన పోగులు అతకడానికి సాంచా వెనకకు పోయేటప్పుడు ఫ్యూజు తీసి జేబులో వేసుకోవాలె అని ఒక నియమం ఉండె. ఒక వరుస సాంచాలకు ఫ్యూజులు బిగుసుకుని రాకపోయేవి, పని ఆగేది. ఆ ఒక్క వరుస కోసం అన్ని వరుసలకూ నియమం తీసేసిన్రు. బదులుగా సుద్దముక్కతో "మనిషి ఉన్నడు" అని రాస్తే చాలన్నరు. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. తర్వాత జోరు సాంచాలు వచ్చినయి, ఒక్కొక్కరి కింద సాంచాలు పెరిగినయి. ఒక రాత్రి సుద్దరాత చెరిగిపోయింది. అటు నుంచి ఒకడు స్విచ్ వేసిండు. ఇటు ఉన్న పిల్లగాడికి రెండు వేళ్లు పోయినయి. మరునాడే ఫ్యూజు నియమం తిరిగొచ్చింది. వేళ్లు రాలేదు.

2016 మరమ్మతు ఏమిటంటే, "రాయడానికి" అన్న మాటను ఇక కొట్టేయరు. "నకలు తీసినం" అని వేరే గుర్తు పెడతరు. ఆ గుర్తును కూడా ఊరికే నమ్మరు. రాసే ముందు ఆ నకలు నిజంగ ఇంకా ఉన్నదా అని పేజీకి ఉన్న ముద్ర చూస్తరు. లేకపోతే మళ్లీ మొదటి నుంచి. అంత పెద్దవాళ్లు చేసినా, 2017 నవంబర్‌లో ఆ మరమ్మతులోనే పెద్ద సైజు పేజీల దగ్గర ఒక కన్నం దొరికింది. దాన్నీ పూడ్చిన్రు.

"పూడ్చిన్రు కదా, మరి నాకెందుకురా?" అని అడిగిన. "వాళ్లు పూడ్చింది వాళ్ల దగ్గర బాపూ. నీ ఫోన్లకు వచ్చేది అప్‌డేట్ తోనే" అన్నడు. ట్రెండ్ మైక్రో అనే కంపెనీ 2017 సెప్టెంబర్‌లో చెప్పిందట, ఆటల యాపుల వేషంలో వచ్చిన ఒక దొంగ యాపు ఇదే కన్నంలోంచి ఫోన్లలో దూరిందని. అప్పటికి మరమ్మతు వచ్చి పది నెలలు దాటింది. దాని చేత చిక్కినవాళ్లలో ఎక్కువమంది చైనా, మన దేశం వాళ్లేనట.

ఆ రాత్రే నా ఫోను చార్జింగుకు పెట్టి అప్‌డేట్ చేసిన. మా ఆమె ఫోను పాతది, దానికి అప్‌డేట్లు రావడమే బందైంది. అందులోంచి బ్యాంకు యాపు తీసేసినం. ఇప్పుడది మాట్లాడుకోను, పాటలు వినను. మీ ఇంట్ల ఫోన్లు కూడా ఒకసారి తీసి చూడున్రి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటది. పిల్లలనడిగితే చూపిస్తరు.