సముద్రంలో చమురు ఒలికితే పెత్తనం ఎవరిది, బకెట్ ఎవరిది?

2025 మే 25న కేరళ తీరానికి దగ్గర్లో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ నౌక మునిగిపోయింది. దాదాపు 640 కంటైనర్లతో పాటు దాని ట్యాంకుల్లో డీజిల్, ఫర్నేస్ ఆయిల్ ఉన్నాయి. నాలుగు జిల్లాల మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన తక్షణ సాయం వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం. అదే ప్రభుత్వం ఆ తర్వాత హైకోర్టుకు వెళ్ళి నౌక యజమానుల నుంచి 9,531 కోట్ల రూపాయల పరిహారం కోరింది. నష్టం పేరుతో అడిగింది వేల కోట్లు. నష్టపోయిన ఇంటికి ముందుగా చేరింది వెయ్యి.

ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడల్లా ఒకే ప్రశ్న మీద చర్చ నడుస్తుంది. శుభ్రం చేసే పని చమురు ఒలికించిన కంపెనీ చేతిలో ఉండాలా, ప్రభుత్వం చేతిలోనా? ప్రశ్న అవసరమైనదే. కానీ అందులో ఇద్దరే కనిపిస్తారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెట్టును చేతులతో ఎత్తేవాళ్ళు, ఎత్తిన చెత్తను ఎవరి వాడ పక్కన పారబోస్తారో ఆ వాడవాళ్ళు ఎక్కడా కనిపించరు. శుభ్రం చేసే పని ఎవరిదో పుట్టుకతోనే తేల్చేసే సమాజంలో మేం ఈ ప్రశ్నను వాళ్ళ వైపు నుంచే అడుగుతాం.

ఈ చర్చ అతి పెద్ద ఎత్తున జరిగింది అమెరికాలో. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో బీపీ కంపెనీ బావి మీద ఉన్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలిపోయింది. 11 మంది కార్మికులు చనిపోయారు. చమురు 87 రోజులు పారింది. అక్కడి 1990 నాటి చట్టం ప్రకారం ఖర్చు భరించాల్సింది, పని చేయాల్సింది కాలుష్యం చేసిన కంపెనీ. పర్యవేక్షణ కోస్ట్‌గార్డ్‌ది. బీపీని పక్కకు తోసేయండని జనం అడిగితే, తోసేసి ఆ స్థానంలో ఎవరిని పెట్టాలని స్పందన చర్యల సారథి అడ్మిరల్ థాడ్ అలెన్ ఎదురు ప్రశ్న వేశాడు. అందులో నిజం ఉంది. మైలు లోతున పని చేసే రోబోలు, పైపులు ప్రభుత్వం దగ్గర లేవు.

ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని బీపీ సంపాదించుకున్నది బావిని మూసే పని ఒక్కటే కాదు. ఎంత చమురు పోతోందో చెప్పే పని కూడా దాని చేతికే పోయింది. మొదట రోజుకు వెయ్యి పీపాలన్నారు. తర్వాత ఐదు వేలన్నారు. చివరికి శాస్త్రవేత్తలు తేల్చింది, మొదటి రోజుల్లో 62 వేల పీపాలు. ఎందుకింత తేడా? అమెరికా చట్టంలో జరిమానా పీపాల లెక్కన పడుతుంది, తీవ్ర నిర్లక్ష్యమని తేలితే అప్పట్లో పీపాకు 4,300 డాలర్ల దాకా ఉండేది. లెక్క తగ్గితే జరిమానా తగ్గుతుంది. కొలబద్ద దొంగ చేతికిచ్చాక కొలత ఎలా ఉంటుంది? లీకు పరిమాణం గురించి కాంగ్రెస్‌ను తప్పుదోవ పట్టించిన నేరాన్ని బీపీ 2012లో ఒప్పుకుంది. సముద్రంలో కలిసిన చమురు దాదాపు 42 లక్షల పీపాలని ప్రభుత్వం, 24.5 లక్షలేనని బీపీ కోర్టులో వాదించుకున్నాయి. 2015లో కోర్టు 31.9 లక్షల దగ్గర తేల్చింది.

రసాయనాల విషయంలోనూ అదే కథ. తెట్టును చిన్న బొట్లుగా విడగొట్టే కోరెక్సిట్‌ను 18 లక్షల గ్యాలన్లకు పైగా చల్లారు. విషం తక్కువున్న మరో రసాయనం వెతకమని పర్యావరణ సంస్థ ఆదేశిస్తే ఇదే మంచిదని బీపీ జవాబిచ్చింది. వాడకం తగ్గించమన్న ఆదేశానికి కోస్ట్‌గార్డే పదేపదే మినహాయింపులిచ్చింది. కాగితం మీద ఆజ్ఞ ప్రభుత్వానిది, నడిచిన మాట కంపెనీది.

ఒడ్డు మీద ఏం జరిగిందో కూడా చూడాలి. వేట ఆగిపోయిన మత్స్యకారుల పడవలనే బీపీ అద్దెకు తీసుకుంది. మొదట ఇచ్చిన ఒప్పంద పత్రాల్లో హక్కులు వదులుకునే షరతులున్నాయి. కోర్టుకెక్కాకే వాటిని తీసేశారు. నల్లజాతి, ఇతర మైనారిటీ కార్మికులకు అతి కష్టమైన, జీతం తక్కువ, విషం ఎక్కువ తగిలే పనులు అప్పగిస్తున్నారని ఎన్‌ఏఏసీపీ బీపీకి లేఖ రాసింది. చెత్త సంగతి ఇంకా స్పష్టం. పర్యావరణ న్యాయ ఉద్యమానికి పునాది వేసిన వారిలో ఒకరైన రాబర్ట్ బుల్లార్డ్ ఆ చెత్త పోతున్న తొమ్మిది డంపింగ్ యార్డుల చుట్టూ జనాభా చూస్తే, ఐదింటి చుట్టూ మైలు దూరంలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది శ్వేతజాతేతరులే. సముద్రం శుభ్రమైందంటే మురికి వాళ్ళ ఇళ్ళ పక్కకు చేరిందని అర్థం. ఊరవతల వాడల్లో పెరిగిన మనకు దీన్ని వివరించనక్కర్లేదు.

అయితే మొత్తం ప్రభుత్వానికే ఇచ్చేస్తే సరిపోతుందా? ఎన్నూరు చూడండి. 2017 జనవరి 28న చెన్నై పక్కన కామరాజర్ పోర్టు దగ్గర రెండు నౌకలు గుద్దుకున్నాయి. పోర్టు ప్రభుత్వ రంగానిది. పర్యావరణానికి నష్టమేమీ లేదని మొదట ప్రకటించింది. తర్వాత ఒడ్డంతా నల్లబడింది. చమురు గట్టిపడి బురదలా మారడంతో యంత్రాలు పెద్దగా పనికి రాలేదు. ప్లాస్టిక్ బకెట్లు వచ్చాయి. రాళ్ళ మీద వరుసగా నిలబడి బకెట్ చేతులు మార్చుకుంటున్న మనుషుల ఫొటోలు దేశమంతా చూసింది. చాలామంది దాన్ని సేవా భావంగా మెచ్చుకున్నారు. మాకు కనిపించింది వేరు. అంతరిక్షంలోకి రాకెట్లు పంపే దేశం మ్యాన్‌హోల్ దగ్గరా, సముద్రం దగ్గరా ఒకే పరికరం దగ్గర ఆగిపోతోంది. అది మనిషి చెయ్యి.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వరదల్లో మణలిలోని సీపీసీఎల్ రిఫైనరీ వైపు నుంచి చమురు ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. ఇదీ ప్రభుత్వ రంగ సంస్థే. ఆరేళ్ళ తర్వాత కూడా అవే మగ్గులు, అవే బకెట్లు. మత్స్యకారులనే కూలికి పెట్టారు. 2013 నాటి చట్టం రక్షణ లేకుండా ప్రమాదకరమైన శుభ్రత పని చేయించడాన్ని నిషేధించింది కదా అంటే, ఆ నిర్వచనం మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల దగ్గరే ఆగిపోయింది. చమురు బురద అందులోకి రాదు.

సాయం లెక్కలో ఇంకో మెలిక ఉంది. తమిళనాడు ప్రభుత్వం అప్పుడు 2,301 మత్స్యకార కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, 787 పడవలకు పదివేల చొప్పున, మరో 6,700 కుటుంబాలకు 7,500 చొప్పున ప్రకటించింది. పడవ ఉన్నవాడికి పడవ లెక్క ఉంది. పడవే లేకుండా బురదలో దిగి చేత్తో రొయ్యలు పట్టేవాళ్ళకు చూపించడానికి ఏముంటుంది? ఎన్నూరుకు నీటి దారిలో కలిసి ఉన్న పులికాట్‌లో ఎవరు ఎక్కడ, ఎప్పుడు వల వేయాలో 'పాడు' పద్ధతి నిర్ణయిస్తుంది. ఎస్సీలు, ఇరులర్లు ఆ హక్కు బయటే ఉండిపోయారు. నీటి మీద హక్కుల జాబితా కులం రాసినదైతే, నష్టం జాబితా దాన్ని నకలు చేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మత్స్యకారులంటే అందరూ ఒకటేనని మన మిత్రులు కొందరు అనుకుంటారు. కాదు.

మన దేశంలో 1996 నుంచి జాతీయ చమురు విపత్తు ప్రణాళిక ఉంది. సముద్రంలో సమన్వయం కోస్ట్‌గార్డ్‌ది, పోర్టు హద్దుల్లో పోర్టుది, చమురు వేదిక చుట్టూ 500 మీటర్లలో కంపెనీది, ఒడ్డు రాష్ట్ర ప్రభుత్వానిది. ఎవరి హద్దు ఎక్కడో రాసుకున్నారు. ఒడ్డున బతికేవాళ్ళకు మాత్రం నిర్ణయంలో వాటా లేదు.

మేం చెప్పేది బావి మూతకు కంపెనీ ఇంజినీర్లు వద్దని కాదు. పాన వాళ్ళు పట్టుకోవచ్చు, ప్రభుత్వ ఆజ్ఞ కింద, వాళ్ళ డబ్బుతో. కానీ ఎంత పోయిందో కొలవడం, ఏ రసాయనం చల్లాలో తేల్చడం, చెత్త ఎక్కడ పోయాలో నిర్ణయించడం, నష్టపోయినవాళ్ళ జాబితా రాయడం కంపెనీకి ఇవ్వకూడదు. చివరి రెండూ అధికారులకు ఒంటరిగా వదలకూడదు కూడా. అలాస్కాలో 1989 ఎక్సాన్ వాల్డెజ్ ప్రమాదం తర్వాత ప్రిన్స్ విలియం సౌండ్‌లో పౌర మండలి ఏర్పడింది. చమురు పరిశ్రమ డబ్బుతో నడుస్తుంది, పరిశ్రమ మాట వినక్కర్లేదు. మత్స్యకారులు, ఆదివాసీ గ్రామాలు అందులో సభ్యులు. దానిది సలహా అధికారమే. మనకు అంతకన్నా ఎక్కువ కావాలి. గ్లవ్స్, మాస్కు, వైద్య పరీక్ష లేనప్పుడు కూలి పోకుండా పని ఆపే హక్కు కార్మికులకు ఉండాలి.

ఇది దూరపు ముచ్చట కాదు. కాకినాడ తీరానికి అవతల లోతు సముద్రంలోని కేజీ 98/2 బ్లాకు నుంచి ఓఎన్‌జీసీ 2024 జనవరిలో చమురు తీయడం మొదలుపెట్టింది. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండటం కోనసీమ మరిచిపోలేదు. అది నేల మీద. నీటి మీద జరిగితే మడ అడవుల్లోకి, రొయ్యల చెరువుల్లోకి ఏం వస్తుందో, ఆ చెరువుల్లో కూలికి పోయే ఎస్సీ కుటుంబాలను ఏ జాబితాలో రాస్తారో ఇప్పుడే అడగాలి. తీర జిల్లాల విద్యార్థి మిత్రులు కలెక్టర్ కార్యాలయానికి ఒక ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టండి. చమురు ఒలికితే ఒడ్డు శుభ్రం చేసే ప్రణాళిక ఉందా, ఉంటే నకలు ఇవ్వండి. చెత్త పోయడానికి ఎంచిన స్థలం సర్వే నంబరు చెప్పండి. ఆ స్థలానికి దగ్గర్లో ఉన్న వాడ పేరు మీరే చూసుకోవచ్చు.