కారు అమ్మితే చరిత్రతో సహా అమ్ముదాం

కార్ల యజమానులకు, కొనుగోలుదారులకు, రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకు విన్నపం

బెంజ్ ఈ-క్లాసో, స్కోడా సూపర్బో ఏడేళ్లు ఒక్క చేతి మీద నడిపారు. సర్వీసు ఒక్కటీ తప్పించలేదు, ప్రతి బిల్లూ ఫైల్లో పెట్టారు. ఇప్పుడు అమ్మకానికి పెడితే పక్కనే అదే సంవత్సరం, అదే మోడల్ కారు మరొకటి ఉంటుంది. దాని మీటరు మీ మీటరు కంటే తక్కువ, ధర ఇంకా తక్కువ. కొనేవాళ్లు అటే పోతారు. వాళ్లను తప్పుపట్టలేం. ఏ కారు నిజంగా ఎంత తిరిగిందో తెలుసుకునే దారి వాళ్లకు లేదు.

మీటరు తిప్పడం ఈ రోజుల్లో చిటికెలో పని. డాష్‌బోర్డు కింది పోర్టుకు లాప్‌టాప్ తగిలిస్తే లక్షా నలభై వేల కిలోమీటర్లు అరవై వేలవుతాయి. కొన్ని జర్మన్ కార్లలో ఈ అంకె గేర్‌బాక్సు కంప్యూటర్లో, తాళం చెవిలో కూడా దాగి ఉంటుంది. మీటరుతో అది సరిపోతుందో లేదో తెలిసిన మెకానిక్ పట్టేయగలడు. ఆ పరీక్ష చేయించి కొనేవాళ్లు తక్కువ. కనీసం డ్రైవర్ సీటు బయటి అంచు చూడండి. ఎక్కి దిగే రాపిడికి తోలు ముందు అక్కడే పగులుతుంది. బ్రేకు పెడల్ రబ్బరు మీది గీతలు అరిగాయేమో చూడండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ముప్ఫై వేలే తిరిగిందంటున్న 2018 కారుకు నాలుగు టైర్లూ 2021వైతే, మొదటివి ఏమయ్యాయని గట్టిగా అడగండి.

తిప్పినవాడు దొరకడెందుకు? మనం పెట్టే ఖాళీ సంతకం వల్లే. "ఫారాల మీద సంతకాలు పెట్టియ్యండి సార్, మిగతాది మేం చూసుకుంటం" అంటాడు మధ్యవర్తి. యాజమాన్య బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద, కొనేవారి పేరు లేకుండానే సంతకం చేసి, డబ్బు తీసుకుని వచ్చేస్తాం. కారు రెండు మూడు చేతులు మారుతుంది, వాళ్లెవరి పేరూ రికార్డుకెక్కదు. చివరికి కొన్నవారి ఆర్సీలో పాత యజమానిగా కనిపించేది మీరే. మోసం ఎవరి షెడ్డులో జరిగిందో తేల్చడానికి కాగితం మీద ఆధారమే ఉండదు.

ఈలోగా ప్రమాదం జరిగితే బాధ్యతా మీదే. 2007లో అమ్మేసిన కారు పేరు మారకుండానే చేతులు మారుతూ పోయి 2009లో ఒక ప్రాణం తీసింది. రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం వారే కట్టాలని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తేల్చింది.

దీనికి మందు చట్టంలో ఇప్పటికే ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత కార్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. కారు వాళ్లకు అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి ఆన్‌లైన్‌లో ఫారం 29సీ దాఖలు చేయాలి. అక్కడి నుంచి కారుకు బాధ్యత డీలరుదే. అధికార పత్రం లేకుండా వ్యాపారం చేస్తున్న షెడ్లను మన రవాణా శాఖలు తనిఖీ చేయాలి. అనుమతి ఉన్నవారి జాబితా ప్రతి ఆర్టీఓ ఆఫీసు గోడ మీద, తెలుగులో, అంటించాలి.

కొత్తగా కావాల్సింది మరొకటుంది. రవాణా శాఖ యాప్ ఎం-పరివాహన్‌లో బండి నెంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు కనిపిస్తాయి. కిలోమీటర్ల లెక్క కూడా, తేదీలతో సహా, అక్కడే కనిపించాలి. బ్రిటన్‌లో నెంబరు కొడితే ఏటేటా పరీక్షలో నమోదైన మైలేజీ ప్రభుత్వ సైట్లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బెల్జియంలో ఆ లెక్క పత్రం ఇవ్వకుండా పాత కారు అమ్మితే కొన్నవారు బేరం రద్దు చేయించుకోవచ్చు. ఇక్కడ ప్రతి సర్వీసులో మీటరు అంకె రాస్తూనే ఉన్నారు. అది షోరూము కంప్యూటర్లో ఆగిపోకుండా ప్రభుత్వ వాహన రికార్డు వాహన్‌కు చేరేలా కేంద్రం నిబంధన తేవాలి. అలా జరిగితే జాగ్రత్తగా వాడినవారికి న్యాయమైన ధర వస్తుంది.

ఆ నిబంధన వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అమ్మేవాళ్లు సర్వీసు ఫైలు జిరాక్సు ముందే చూపించండి. కొనేవారి పేరు, తేదీ రాయని ఫారం మీద సంతకం పెట్టకండి. అమ్మకం సంగతి 14 రోజుల్లోగా ఆర్టీఓకు తెలియజేసి రసీదు దాచుకోండి. ఫాస్టాగ్ రద్దు చేయించండి. కొనేవాళ్లు సర్వీసు చరిత్ర చూపనన్న చోట బయానా ఇవ్వకండి.