పిల్లికి భయపడి కలరా ఉండలా?

పొద్దున్నే కొత్తిమీర కోద్దామని పెరట్లోకి వెళ్తారు. మడిలో మట్టి తవ్వేసి ఉంటుంది. పక్కింటి పిల్లి నిర్వాకం! ఒళ్లు మండుతుంది. సాయంత్రానికి మడి చుట్టూ కలరా ఉండలు, మట్టి మీద ఫినాయిలు. నా అభ్యంతరం ఈ వైద్యం మీదే.

చాలా కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. చిన్నపిల్లలు పిప్పరమెంటు అనుకుని నోట్లో పెట్టుకునే వస్తువది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేస్తుంది. ఆ లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో తెలియనే తెలియదు. ఇక ఫినాయిలు పిల్లికి విషం. ఆకుకూర పండే మట్టిలో పోయాల్సిందీ కాదు.

భయపడాల్సింది అసలు లేదా అంటే, ఉంది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. ఆరోగ్యవంతులను పెద్దగా ఇబ్బంది పెట్టదు. గర్భిణికి తొలిసారి సోకితే మాత్రం కడుపులో బిడ్డ కళ్లు, మెదడు దెబ్బతినే ప్రమాదముంది. అందుకని కోడలు నెల తప్పిందనగానే పక్కింటివాళ్లతో తగువుకు దిగనక్కర్లేదు. పిల్లి దీన్ని విసర్జించేది సాధారణంగా తొలిసారి సోకినప్పుడు, అదీ రెండు మూడు వారాలే. తాజా మలం వెంటనే అంటించదు, కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి కనబడిన రోజే గ్లవ్స్ వేసుకుని ఎత్తి పారేయండి. ఆ పని గర్భిణికి అప్పగించవద్దు. మట్టిలో వదిలేస్తే నెలల తరబడి బతుకుతుంది, మామూలు క్రిమిసంహారకాలకు లొంగదు.

పాలకూర, తోటకూర ఎలాగూ ఉడికిస్తాం. చిక్కంతా చారు మీద పచ్చిగా చల్లే కొత్తిమీరతోనే. ధారగా పడే నీళ్లలో రెండు మూడుసార్లు కడగండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మడిలోది ఉడికించే వేయండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది పెరడు కాదు, ఇల్లు కడుతున్నచోట వీధిలో పోసిన ఇసుక కుప్ప. పగలు పిల్లలకు ఆటస్థలం, రాత్రి పిల్లులకు మరుగుదొడ్డి. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి మంచినీళ్లు తాగి బయల్దేరే మనం, ఆ ఇసుకలో ఆడొచ్చిన పిల్లాడికి చేతులు కడిగించకుండానే ముద్ద పెట్టేస్తాం. రాత్రిపూట దాని మీద టార్పాలిన్ కప్పమని మేస్త్రీకి చెబితే పోయేదేముంది?

పిల్లికి కావలసింది పొడిగా, గుల్లగా ఉన్న ఖాళీ మట్టి. విత్తనాలు చల్లగానే మడి మీద ఇనుప జాలీ పరవండి. కుండీల్లో మొక్క మొదట్లో కొబ్బరి చిప్పలు బోర్లించండి, లేదా గులకరాళ్లు పేర్చండి. తవ్వడానికి చోటు లేకపోతే అదే ఇంకోచోటు చూసుకుంటుంది.

ఆ ఇంకోచోటు వాళ్లింట్లోనే ఉండేలా అడగొచ్చు కదా! "వదినగారూ, మీ డాబా మీద ఒక తొట్టిలో ఇసుక పోసి పెట్టండి, రోజూ ఎత్తేయండి" అంటే కాదనేవాళ్లు తక్కువ. పిల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతీ కదపండి. అన్నంలో మందు కలిపి పెట్టే ఆలోచన మాత్రం వద్దు. జంతువుకు విషం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరం, 5 ఏళ్ల వరకు జైలు. మాట్లాడటానికి వెళ్లేటప్పుడు చేతిలో ఓ కొత్తిమీర కట్ట పట్టుకెళ్లండి. కడిగిందే సుమా!