ఆపరేషనంటే భయం

ప్రశ్న: మా ఆరేళ్ళ బాబుకు టాన్సిల్స్ ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆస్పత్రి పేరెత్తితే ఏడుస్తున్నాడు. కథల వీడియోలు చూపిస్తే భయం పోతుందా?
— ఒక తల్లి, అఫ్జల్‌గంజ్

జవాబు: పూర్తిగా పోదుగాని, తగ్గుతుంది. తనలాంటి కుర్రవాడు మాస్కులోంచి మత్తుమందు పీల్చి నిద్రపోయి, లేచి అమ్మను చూసే కథ ఎంచుకోండి. నాలుగైదు రోజుల ముందే పక్కన కూర్చుని చూపండి. అడిగినవాటికి జవాబులు చెప్పండి. అల్లరి చేస్తే సూది వేయిస్తానని బెదిరించే అలవాటుంటే ఇవాళే మానండి.

మత్తంటే భయం పెద్దలకూ పాతదే. క్లోరోఫాం ప్రమాదాన్ని తేల్చడానికి 1888, 1889లలో మన హైదరాబాదులోనే రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఆ మందు ఇప్పుడు వాడరు.

"నొప్పే ఉండదు" అని మాత్రం అనకండి. లేచాక గొంతు నొప్పిపెడుతుంది. అబద్ధమని తెలిస్తే, మీరు నీళ్ళు మింగమన్నా మింగడు. మింగకపోతే ఒంట్లో నీరు తగ్గి, మళ్ళీ ఆస్పత్రిలో చేర్చవలసి రావచ్చు.